కొండ దిగిన పూలు

ఇంటికప్పు మీద మొక్క మొలిస్తే మనమైతే ఏం చేస్తాం? నిచ్చెన వేయించి పీకించేస్తాం. అదే రావిమొక్కయితే గోడ పగులుతుందని ఒక భయం, పీకితే పాపమేమోనని ఇంకో భయం. కానీ సుమారు 1200 ఏళ్ళ క్రితం, యూరప్‌లో షార్లమేన్ చక్రవర్తి ఏలుబడిలో, రాజుగారి ఎస్టేట్లకి ఒక ఆజ్ఞాపత్రం వెళ్ళింది. తోటల్లో ఏయే కూరలు వెయ్యాలో, ఏ పళ్ళచెట్లు పెంచాలో పెద్ద పట్టీ ఇచ్చి, అందులోనే ఒక చిత్రమైన మాట చేర్చారు. తోటమాలి తన ఇంటికప్పు మీద ‘జుపిటర్ గడ్డం’ అనే మొక్కని పెంచాలిట!

జుపిటర్ వాళ్ళ పిడుగుల దేవుడు, మన ఇంద్రుడి లాగ. ఆయన గడ్డం ఇంటిమీద ఉంటే ఆ ఇంటిమీద పిడుగు పడదని జనానికి నమ్మకం. ఇప్పుడా మొక్కని హౌస్‌లీక్ అంటున్నారు. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు సెంపర్‌వైవమ్, అంటే ఎల్లకాలం బ్రతికేది. ఆల్ప్స్ లాంటి కొండల్లో రాళ్ళమీద పుట్టి పెరిగే మొక్క. ముద్దగులాబీలా ముడుచుకున్న ఆకుల గుత్తి, దాని చుట్టూ పిల్లలు, ఆ పిల్లలకి మళ్ళీ పిల్లలు. కోడిరెక్కల కింద ఒదిగినట్టు ఒకదాన్నొకటి ఒత్తుకుని కూర్చుని, మెల్లమెల్లగా కప్పంతా చాపలా పరుచుకుంటాయి. వేలెడు మట్టి చాలు. నీళ్ళు పోసే నాథుడు లేకపోయినా బెంగ లేదు.

ఈ జాతి మొక్కకి కొండ అక్కర్లేదు, రాయీ దాని పక్కన కాస్త సందూ ఉంటే చాలునన్న సంగతి ఆ పూరిళ్ళ తోటమాలులకి తెలుసు. తర్వాతి కాలంలో వచ్చిన గొప్పింటివాళ్ళకే తెలియలేదు. ఆ చిన్న సంగతి తెలుసుకోవడానికి వాళ్ళు వేల టన్నుల రాళ్ళు మోయించారు, ఆస్తులు తగలేశారు, కొట్టుకున్నారు, కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. ఇంగ్లండులో రాక్‌గార్డెన్ చరిత్ర అంటే చాలావరకు ఇదే కథ.

ముందు ఆ మొక్కల గురించి రెండు ముక్కలు చెప్పాలి. కొండ ఎక్కుతూ పోతే ఒక ఎత్తు దాటాక చెట్లు ఆగిపోతాయి. అక్కడినుంచి పైకి ఉన్నవన్నీ నేలబారు మొక్కలే. తల ఎత్తితే గాలి విరిచేస్తుంది. అందుకని కొమ్మలన్నీ దగ్గరగా చేర్చి దిండులాగో, బొంతలాగో నేలకి కరుచుకుంటాయి. ఆ దిండు లోపల బయటికంటే వెచ్చగా ఉంటుంది, రాలిన ఆకులు అక్కడే చివికి ఎరువవుతాయి. ఆరునెలల చలికాలం మంచు దుప్పటి కింద పొడిగా నిద్రపోయి, మంచు కరగ్గానే ఆకు కనపడకుండా పూస్తాయి. సైలీన్ అకాలిస్ అనే గులాబిరంగు పూల మొక్క ఒకటుంది. అరచెయ్యంత వెడల్పు పెరగడానికే ఏళ్ళు పడుతుంది గానీ, అందులో 300 ఏళ్ళు బ్రతికినవి ఉన్నాయని శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు. ఆడపిల్ల నేలకి అణిగి ఉండాలని నీతి చెప్పడానికి ఎవరైనా ఈ మొక్కని వాడుకోబోతే, దాని వేరు రాతి పగుళ్ళలోంచి ఎంత లోతుకి దిగుతుందో కూడా కాస్త చెప్పమనండి.

ఇంగ్లండులో మొదటి రాక్‌గార్డెన్ 1773లో తయారైంది. లండన్‌లోని చెల్సీలో మందుమొక్కలు పెంచే పాత తోట ఒకటుంది. దానికోసం లండన్ టవర్ కోటలోంచి తీసేసిన పాతరాళ్ళు తెచ్చారు. జోసెఫ్ బ్యాంక్స్ అనే ఆయన అంతకుముందు ఏడాది ఐస్‌లాండ్ వెళ్ళి, ఓడ అడుగున బరువుకోసం వేసుకొచ్చిన అగ్నిపర్వతం రాళ్ళు ఇచ్చాడు. అన్నీ కలిపి గుట్టగా పేర్చారు. ఈనాటికీ ఉంది. చూడ్డానికి ఇల్లు పడగొట్టిన చోటులా ఉంటుందని కొందరంటారు గానీ, పెద్దతనానికి గౌరవం ఇవ్వాలి కదా!

ఇక అక్కణ్ణించి మొదలైంది పోటీ. చెస్టర్ ఊరిపక్క హూల్ హౌస్‌లో లేడీ బ్రాటన్ అనే ఆవిడ ఉండేది. ఆవిడకి ఆల్ప్స్‌లోని షమోనీ లోయ అంటే ప్రాణం. దాని నమూనా బొమ్మ ఒకటి సంపాదించి, అదే లోయని తన ఇంటి పచ్చిక చుట్టూ రాళ్ళతో కట్టించడం మొదలుపెట్టింది. శిఖరాల మీద మంచు కావాలి కదా, దానికి తెల్లని చలవరాతి ముక్కలు. ఏళ్ళ తరబడి సాగింది ఆ పని. వానకి మట్టి కొట్టుకుపోయేది, మంచుకి రాళ్ళు ఉబ్బి విడిపోయేవి, బరువుకి గోడ కూలిపోయేది. కూలిన ప్రతిసారీ మళ్ళీ కట్టించింది. 1838లో లౌడన్ అనే తోటల పత్రిక సంపాదకుడు వెళ్ళి చూసి రాసినదాన్ని బట్టి మనకిదంతా తెలుస్తోంది. చలవరాతి మంచు నాకంత గొప్పగా తోచలేదు గానీ, ఇంకో విషయంలో ఆవిడ గడుసుది. ఒక్కొక్క మొక్కకి రాళ్ళమధ్య చిన్న గూడు చేసి, మొదలు చుట్టూ కడిగిన గులకరాళ్ళు పరిపించింది. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

నార్తాంప్టన్ జిల్లా లాంపోర్ట్ హాల్‌లో సర్ చార్లెస్ ఐషమ్ 1847లో మొదలుపెట్టిన రాతిగుట్ట ఇంకో తమాషా. పొట్టిమొక్కల మధ్య జర్మనీ నుంచి తెప్పించిన మట్టి మరుగుజ్జు బొమ్మల్ని గనిపనివాళ్ళలాగ నిలబెట్టాడు. ఆయన కూతుళ్ళకి అవి కంటగింపు. ఆయన పోయాక తీసి పారేయించారు. రాతిసందున దాక్కున్న ఒక్క బొమ్మ మాత్రం మిగిలి, ఇప్పుడు గాజుపెట్టెలో దర్జాగా ఉంది. ఇంగ్లీషువాళ్ళ తోటల్లో కనపడే మరుగుజ్జు బొమ్మలకి తాతగారు ఆయనే.

1870లో విలియం రాబిన్సన్ అనే తోటమాలి పుస్తకం రాసి, ఈ కొండపూలు మామూలు తోటలో కూడా పెరుగుతాయి, పర్వతాలు కట్టనక్కర్లేదని మొత్తుకున్నాడు. వినేవాళ్ళు విన్నారు. వినని వాళ్ళలో ఎలెన్ విల్‌మట్ గారు ఒకరు.

ఈవిడ కథ చెబుతూంటే నాకెప్పుడూ మనసు బరువెక్కుతుంది. 1858లో పుట్టింది. ఒక కోటీశ్వరురాలు ఈవిడకి జ్ఞానమాత. ఏటా పుట్టినరోజుకి వెయ్యి పౌన్ల చెక్కు వచ్చేది. ఆ రోజుల్లో వెయ్యి పౌన్లంటే ఒక కుటుంబం కొన్నేళ్ళు కూర్చుని తినచ్చు. పాతికేళ్ళు నిండకముందే, 1882లో, ఎసెక్స్‌లోని వార్లీ ప్లేస్‌లో తండ్రి అనుమతితో కొండలోయ తవ్వించి, బండరాళ్ళు పేర్పించి, దాని మధ్య వాగు పారించి ఆల్ప్స్ తోట చేయించింది. తర్వాత ఫ్రాన్స్‌లో ఒక ఇల్లూ తోటా, ఇటలీలో ఒక ఇల్లూ తోటా. వార్లీ ఒక్కచోటే నూరుమందికి పైగా తోటమాలులుండేవారని చెబుతారు. మొక్కలు వెతికేవాళ్ళని తన డబ్బుతో చైనా పంపింది. 1897లో రాజోద్యాన సంఘం 60 మందికి పెద్ద పతకం ఇస్తే అందులో ఆడవాళ్ళు ఇద్దరే. ఒకరు ఈవిడ. రెండో ఆవిడ సంగతి తర్వాత.

అదే కాలంలో హెన్లీలో సర్ ఫ్రాంక్ క్రిస్ప్ అనే లాయరు ఫ్రయర్ పార్క్ తోటలో వేల టన్నుల రాళ్ళతో మాటర్‌హార్న్ శిఖరానికి నకలు కట్టించాడు. దానిమీద లోహంతో చేసిన కొండమేకలు కూడా! వచ్చిన జనం మొక్కలు చూశారో మేకల్నే చూశారో చెప్పలేం.

ఇది చూసి ఒళ్ళుమండిన మనిషి రెజినాల్డ్ ఫారర్. 1880లో పుట్టాడు. యార్క్‌షైర్ జమీందారు బిడ్డ. పుట్టుకతోనే అంగిలి చీలి ఉండడంతో చిన్నప్పుడు ఎన్నో ఆపరేషన్లు, మాట సరిగ్గా రాదు, బడికి పంపలేదు. తోటిపిల్లలు లేని కుర్రాడు ఇంటివెనక సున్నపురాతి కొండల్లో తిరిగి మొక్కల్ని నేస్తాలు చేసుకున్నాడు. 14 ఏళ్ళకే పాడుబడ్డ రాతిగనిని రాక్‌గార్డెన్ చేశాడు. నోటితో రాని మాటలన్నీ కలంలోంచి వచ్చాయి. 1907లో రాసిన పుస్తకంలో, రాళ్ళని నిలువుగా గుచ్చిన గుట్టల్ని బాదంపప్పులు గుచ్చిన పాయసమనీ, ఇంకోరకాన్ని కుక్కగోరీ అనీ, రాళ్ళు చిందరవందరగా పడేసినదాన్ని దెయ్యం ఒళ్ళోంచి కుమ్మరించిందనీ ఎగతాళి చేశాడు. రాయి సగానికి పైగా భూమిలో ఉండాలి, ఆ నేలలోంచే పుట్టినట్టుండాలి, రాతికోసం మొక్క కాదు, మొక్కకోసం రాయి - అదీ ఆయన వాదం.

1914లో ఆయన స్నేహితుడు బౌల్స్ ఒక పుస్తకం రాస్తే, దానికి ఫారర్ ముందుమాట రాశాడు. అందులో డబ్బున్నవాళ్ళ రాతితోటల్ని దులిపేశాడు. పేరు రాయలేదు గానీ, ఆ చెప్పు తన కాలికే సరిపోయిందని క్రిస్ప్‌గారికి తెలిసిపోయింది. కోపం పట్టలేక బౌల్స్‌ని తిడుతూ ఒక కరపత్రం అచ్చువేయించాడు. పాపం, రాసిందొకరు, తిట్లు తిన్నదొకరు! ఆ ఏడాది చెల్సీ పూలప్రదర్శన గుమ్మందగ్గర నిలబడి, పెద్ద సంచీలోంచి ఆ కరపత్రాలు తీసి వచ్చేపోయేవాళ్ళకి పంచింది ఎవరనుకున్నారు? పతకం పుచ్చుకున్న విల్‌మట్ గారే. పెద్దింటివాళ్ళు కదా అని పేరంటంలో కనిపించే తగువులు వాళ్ళకి ఉండవనుకోకూడదు.

ఆ సరదాలు ఎక్కువకాలం సాగలేదు. కొద్దినెలల్లో యుద్ధం వచ్చింది. విల్‌మట్ గారి డబ్బు కర్పూరంలా కరిగిపోయింది. ఫ్రాన్స్ ఇల్లూ ఇటలీ ఇల్లూ పోయాయి, తోటమాలులు పోయారు, అప్పులు మిగిలాయి. 1934లో ఒంటరిగా పోయింది. 1939లో వార్లీ ఇల్లు పడగొట్టేశారు. ఇప్పుడది పక్షులకీ అడవిపూలకీ వదిలేసిన చోటు. వసంతంలో ఆవిడ నాటించిన దుంపపూలు ఇంకా వాటంతటవే పూస్తున్నాయి. క్రిస్ప్‌గారి మాటర్‌హార్న్‌కి మాత్రం అదృష్టం బాగుంది. ముళ్ళకంపలు కమ్ముకున్న ఆ తోటని 1970లో బీటిల్స్ బృందంలోని జార్జ్ హారిసన్ కొని, చాలా ఏళ్ళు తన చేతులతోనే బాగుచేసుకున్నాడు. తన ఆత్మకథని లోకంలోని తోటమాలులకి అంకితమిచ్చాడు.

ఇప్పుడు రెండో పతకం ఆవిడ - గెర్ట్రూడ్ జెకిల్. బొమ్మలు వేసేది, అద్భుతంగా ఎంబ్రాయిడరీ చేసేది. కానీ చూపు బొత్తిగా ఆనేది కాదు. 1891లో జర్మనీలో ఒక కళ్ళ డాక్టరు, సూదిపనీ బొమ్మలపనీ మానెయ్యకపోతే ఉన్న చూపు కూడా దక్కదన్నాడు. అప్పటికావిడకి యాభై దగ్గరపడుతున్నాయి. సూదీదారం మాని మొక్కలూ మట్టీ పట్టుకుంది. దూరం కనపడని మనిషికి పర్వతం నకలుతో పనేముంది? దగ్గరగా వంగి చూస్తే కనపడేవి రాయి, దాని పక్కన సందు. 1901లో గోడలూ నీటితోటల గురించి ఆవిడ రాసిన పుస్తకం అన్ని కృత్రిమ ఆల్ప్స్‌నీ పక్కకి నెట్టింది. సున్నం లేకుండా రాతిమీద రాయి పేర్చి, కాస్త వెనక్కి వాల్చి గోడ కట్టాలి. అలా వాలిస్తే వాన చినుకు సందులోకి దిగుతుంది. కడుతున్నప్పుడే వరసకీ వరసకీ మధ్య వేళ్ళు పరిచి, గుప్పెడు మట్టి వేసి, పైన ఇంకో రాయి పెట్టాలి. మెట్లకీ అంతే, దారిలో పరిచిన బండలకీ అంతే. ఇది కుట్టుపని వచ్చిన చెయ్యి కనిపెట్టగల తోట.

అలాంటి గోడలమీద ఇంగ్లండులో ఎక్కువగా కనపడేది ఆబ్రీషియా. ఊదారంగు పూలు గోడమీంచి పవిటకొంగులా జారతాయి. అది గ్రీసు, టర్కీ వైపు కొండల మొక్క. 1700లో ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు తూర్ణఫోర్ అటు ప్రయాణం చేస్తూ బొమ్మలు వెయ్యడానికి క్లోద్ ఓబ్రియె అనే చిత్రకారుణ్ణి వెంటబెట్టుకెళ్ళాడు. తర్వాత ఇంకో శాస్త్రజ్ఞుడు ఈ మొక్కకి ఆ చిత్రకారుడి పేరు పెట్టాడు. పేర్లు సాధారణంగా డబ్బు పెట్టినవాళ్ళకి దక్కుతాయి. బొమ్మలు వేసినవాడికి దక్కడం నాకు భలే నచ్చింది.

మొదటి యుద్ధం తర్వాత ఇళ్ళు చిన్నవయ్యాయి, తోటలు చిన్నవయ్యాయి. స్టీవనేజ్‌లో కొండమొక్కల నర్సరీ నడిపే క్లారెన్స్ ఎలియట్‌కి ఒక ఆలోచన తట్టింది. అప్పుడే వంటిళ్ళలోకి తెల్లని పింగాణీ తొట్లు వస్తున్నాయి. గిన్నెలు తోముకునే పాత రాతి తొట్లనీ, పశువుల కుడితి తొట్లనీ జనం బయట పారేస్తున్నారు. మన ఇళ్ళలో గ్రైండరు రాగానే రుబ్బురోలు పెరట్లోకి పోలేదూ, అలాగన్నమాట. ఎలియట్ వాటిని తెచ్చి, అడుగున కన్నం ఎలాగూ ఉంది కనక, కంకరా మట్టీ నింపి నాలుగు కొండమొక్కలు నాటి ప్రదర్శనలో పెట్టాడు. అంతే! పెరడు లేనివాళ్ళు కూడా గుమ్మం పక్కన ఒక కొండ పెట్టుకున్నారు. తర్వాత్తర్వాత రాతి తొట్లకి గిరాకీ పెరిగి దొరకడం మానేశాక, సిమెంటూ ఇసకా, నల్లటి పీట్ మట్టీ కలిపి పింగాణీ తొట్టికి మెత్తి రాయిలా చేసుకోవడం నేర్చారు. 1929లో ఆల్పైన్ గార్డెన్ సొసైటీ పుట్టింది.

నవలలూ కవిత్వమూ రాసిన వీటా శాక్‌విల్-వెస్ట్ సిసింగ్‌హర్స్ట్‌లో పచ్చికకి బదులు నేలబారు థైమ్ మొక్కలు నాటి రంగురంగుల తివాచీ చేసింది. ఆదివారం పత్రికలో తోటల గురించి వారం వారం 1961 దాకా రాసి, అలాంటి కోరికలు మామూలు ఇల్లాళ్ళకి కూడా పుట్టించింది. థైమ్ అంటే మనకి తెలియందేం కాదు. దానిమీద అడుగు వేస్తే గుప్పుమనే ఆ ఘాటు, మన వాములో ఉండే ఘాటూ ఒకటే పదార్థం - థైమాల్.

ఇంతకీ లేడీ బ్రాటన్ గులకరాళ్ళ సంగతి. కొండమీద మైనస్ డిగ్రీలని లెక్కచెయ్యని మొక్క ఇంగ్లండు చలికాలంలో ఎందుకు చస్తుంది? చలికి కాదు, తడికి. కొండమీద మంచు దుప్పటి కింద దాని మెడ పొడిగా ఉంటుంది. ఇంగ్లండులో నాలుగునెలలు ముసురు. మెడదగ్గర నీరు నిలిస్తే కుళ్ళిపోతుంది. అందుకని మట్టిలో సగం కంకర ఉండాలి, మొక్క మెడ చుట్టూ రెండంగుళాలు గులకరాళ్ళు పరవాలి. వేళ్ళకి రాతికింద చల్లదనం, తలకి ఎండ, మెడకి పొడి. బండలమధ్య పెట్టాలంటే బండల్ని సిమెంటుతో అతకకూడదు, ఇసకమీద పరవాలి. పెద్దమొక్కని సందులో దూర్చబోతే వేళ్ళు నలుగుతాయి. వేలంత పిలకని, లేకపోతే మట్టిలో కలిపిన చిటికెడు విత్తనాన్ని సందులో వెయ్యాలి. రహస్యం ఇంతే. లక్షల పౌన్లు పోసినా దీనికి మించిన రహస్యం లేదు.

మన మైదానాల్లో ఇవి బ్రతకవు. మన వేసవి రాత్రి కూడా వాటికి పొయ్యిమీద పెనమే. పైగా గుమ్మంలో గడ్డి మొలిచిందంటే ఆ ఇల్లు పాడుపడ్డట్టని మన పెద్దవాళ్ళ లెక్క. నాపరాళ్ళ సందున గంగవాయిలి మొలిస్తే మా అత్తగారు కత్తిపీట చివరతో గీకి, పప్పులో వేసేవారు. దాని చుట్టమే గడ్డిగులాబి. అది మాత్రం మన ఎండలో, మన బండలమీద చాపలా పరుచుకుని పూస్తుంది. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికా అయితేనేం!

ఇంగ్లండు దారుల్లో బండలమధ్య పరుచుకునే మొక్కల్లో మన దేశం కొండలవి కూడా ఉన్నాయి. పెర్సికేరియా అఫైనిస్ హిమాలయాల మొక్క. జానెడు ఎత్తు గులాబీ కంకులతో నేలంతా కప్పేస్తుంది. అందులో ఒక రకానికి డార్జిలింగ్ రెడ్ అనే పేరు. ఆండ్రోసేస్‌లు కొన్ని హిమాలయాలవే. ఇవన్నీ ఎవరో కొండలెక్కి, విత్తనం ఏరి, చిన్న పొట్లాల్లో కట్టి పంపినవి. అలా వెళ్ళినవాళ్ళు అందరూ తిరిగి రాలేదు. రాతితోటలకి బుద్ధి చెప్పిన ఫారర్, మొక్కలకోసం 1914లో చైనా కాన్సు కొండలకి వెళ్ళాడు; ఆయన తెచ్చిన నీలిపూల జెంషియన్‌కి ఆయన పేరే ఉంది. 1919లో ఎగువ బర్మా వెళ్ళాడు. తోడొచ్చిన స్నేహితుడు ఏడాదికి వెనక్కి వెళ్ళిపోయినా తను ఉండిపోయాడు. 1920 అక్టోబరు 17న, వానల్లో, తెల్లవాడన్నవాడు దగ్గరలేని కొండపల్లెలో జబ్బుచేసి పోయాడు. నలభై ఏళ్ళవాడు.

ఇంకొకావిడ మన దేశంలోనే ఉండిపోయింది. 1931లో ఫ్రాంక్ స్మైత్ అనే పర్వతారోహకుడు కామెట్ శిఖరం ఎక్కి దిగుతూ గఢ్వాల్‌లో భ్యూందార్ లోయలోకి వచ్చాడు. వానా మంచూ తెర తొలిగితే లోయంతా పూలు. పూలలోయ అని పేరు పెట్టాడు. అంతకుముందే గొర్రెలకాపరులు తరతరాలుగా అక్కడ మందలు మేపుకుంటున్నారు. కానీ పేరు పెట్టినవాడే కనిపెట్టినవాడని లోకరీతి కదా. 1938లో ఆయన పుస్తకం వచ్చింది. మర్నాటి ఏడాదే లండన్ క్యూ ఉద్యానవనం కోసం మొక్కలు సేకరించడానికి జోన్ మార్గరెట్ లెగ్ అక్కడికి వచ్చింది. డార్ట్‌మత్ ప్రభువు కూతురు, 54 ఏళ్ళ అవివాహిత. కావాలంటే ఇంటిదగ్గరే ఆల్ప్స్ కట్టించుకుని కూర్చోగల కుటుంబం. గుడారం వేసుకుని, రాళ్ళమీద పాకుతూ పూలు ఏరుకుంటూ తిరిగింది. 1939 జూలై 4న పూలకోసం రాతివాలు ఎక్కుతూ జారి పడిపోయింది. ఆ లోయలోనే పాతిపెట్టారు.

తర్వాత ఆవిడ సోదరి ఇంగ్లండు నుంచి వచ్చి అక్కడ పాలరాతి ఫలకం పెట్టించింది. ఘాంఘరియా నుంచి కాలిబాటన లోయలోకి నడిచేవాళ్ళకి ఇప్పటికీ కనపడుతుంది. జూలై, ఆగస్టుల్లో వెళితే మాత్రం వెతుక్కోవాలి. ఆ నెలల్లో మొక్కలు దాని చుట్టూ ఒత్తుగా కమ్ముకుని పూసి ఉంటాయి.